మంచు కొండల్లో కుటుంబం: మజిలీని ఎంచుకునేదెలా?

జర్మనీలోని మ్యూనిచ్ నగరంలో నివసిస్తున్న కడప జిల్లా సోదరి ఒకరు ఈ శీర్షికకు లేఖ రాశారు. సారాంశం ఇది. పదమూడేళ్ళ కుమార్తె, ఎనిమిదేళ్ళ కుమారుడు బడిలో తోటి పిల్లలందరూ చెప్పుకునే స్కీయింగ్ కబుర్లను కొన్ని చలికాలాలుగా వింటున్నారు. ఈసారి తామూ వెళ్ళాలని పట్టుబట్టారు. భర్త సహోద్యోగులు ఆస్ట్రియాలోని ఇష్గల్ అనే పేరు పొందిన ఊరిని సూచించారు. అరవై ఆరేళ్ళ అత్తగారు కొడుకు దగ్గర చలికాలం గడపడానికి కడప నుంచి వస్తున్నారు. మంచు మీద జారి కాళ్ళు విరగ్గొట్టుకోవడానికి ఇంత ధనం ఎందుకని ఆమె ఫోనులోనే మందలించారు. "కుమార్తె ఈ మధ్య తనలో తాను ముడుచుకుపోతోంది. మనం ముస్లిములం కాబట్టే మనకు ఏదీ ఉండదు అనే మాట ఆమె నోట వినవలసి వచ్చింది. వెళ్ళడం ధర్మమేనా? వెళ్తే ఎక్కడికి వెళ్ళాలి?" అని సోదరి అడిగారు.

ఆ చివరి మాటను బట్టి చూస్తే ఇది కేవలం విహారయాత్రకు సంబంధించిన ప్రశ్న కాదు. ధర్మం అంటే నిషేధాల జాబితా మాత్రమేనన్న భావన ఒక పసిమనసులో నాటుకుంటోంది. అందుచేత ఈ నెల కొంత వివరంగానే సమాధానం ఇస్తున్నాను. ఐరోపాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు చాలావాటికి ఇది పనికివస్తుందని ఆశిస్తున్నాను.

మొదటి ప్రశ్న: వెళ్ళవచ్చా?

ఇస్లాం వినోదాన్ని నిరాకరించలేదు, దానికి హద్దులు నిర్ణయించింది. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక ప్రయాణంలో తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేశారనీ, మొదట ఆమె గెలిచారనీ, కొంతకాలం తరువాత జరిగిన పందెంలో ఆయన గెలిచారనీ హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. భార్యాబిడ్డల మనసును సంతోషపెట్టడం మన ధర్మంలో వ్యర్థకాలక్షేపం అనిపించుకోదు. కొండలను, వాటిలోని తెలుపు, ఎరుపు, నలుపు చారలను పరికించి చూడమని దివ్యఖుర్‌ఆన్ ఫాతిర్ సూరాలో మన దృష్టిని మళ్ళిస్తుంది. మంచుకప్పిన శిఖరం ముందు నిలిచిన బిడ్డకు సృష్టికర్త మహిమను చెప్పడానికి అంతకన్నా మంచి పాఠశాల దొరకదు.

అయితే షరతులు ఉన్నాయి. నమాజులు తప్పకూడదు. ఆహారం హలాల్ కావాలి. వస్త్రధారణలో హయా నిలవాలి. ధనం దుబారా కాకూడదు, ముఖ్యంగా వడ్డీ అప్పుతో విహారం కూడదు. ప్రాణానికి ముప్పు తెచ్చుకోకూడదు. ఇంట్లోని పెద్దల హక్కు మరుగున పడకూడదు. కాబట్టి ఎక్కడికి వెళ్ళాలన్న రెండో ప్రశ్నకు ఈ షరతులే కొలబద్దలు. ఊరిని సరిగా ఎంచుకుంటే సగం చిక్కులు ఇంటి దగ్గరే తీరిపోతాయి.

ఆల్ప్స్‌ను ఎలా చూడాలి?

ఆల్ప్స్ పర్వతాలు సుమారు 1,200 కిలోమీటర్ల పొడవున విల్లులా వంగి ఉంటాయి. ఫ్రాన్స్, మొనాకో, ఇటలీ, స్విట్జర్లాండ్, లిక్టెన్‌స్టైన్, జర్మనీ, ఆస్ట్రియా, స్లొవేనియా అనే ఎనిమిది దేశాలలో అవి విస్తరించాయి. స్కీయింగ్‌కు పేరు పొందిన ఊళ్ళు వందల సంఖ్యలో ఉన్నాయి. ప్రచార పుస్తకాలన్నీ మొదట చెప్పేది దారుల మొత్తం పొడవు. ఫ్రాన్స్‌లోని త్రీ వ్యాలీస్ ప్రాంతంలో 600 కిలోమీటర్లు, ఇటలీలోని డోలమైట్స్ కొండలలో ఒకే టిక్కెట్టు మీద 1,200 కిలోమీటర్లు అని ఘనంగా చెబుతారు. మొదటిసారి స్కీ కట్టే కుటుంబానికి ఈ అంకెలతో పనిలేదు. మొదటి మూడు రోజులు నేర్చుకునేవారు తిరిగేది ఒకే చిన్న వాలు మీద. ఆ పెద్ద ప్రాంతపు ఖరీదైన టిక్కెట్టు కొనడమంటే నాలుగు ముద్దలు తినేవాడు నలభై మంది విందుకు రుసుము కట్టడమే.

కనుక పేరును, పొడవును పక్కన పెట్టి నాలుగు సంగతులు విచారించాలి: ఊరి ఎత్తు, వాలుల తీరు, సాయంత్రపు వాతావరణం, నమాజుకూ భోజనానికీ ఉన్న వసతి.

ఎత్తు: మంచుకు ఒకటి, మనిషికి ఒకటి

వెయ్యి మీటర్లు పైకి వెళ్ళేకొద్దీ ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అందుచేత ఎత్తైన చోట మంచు నిలుస్తుంది, పల్లంలో కరిగిపోతుంది. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఆల్ప్స్ ప్రాంతం దాదాపు రెండు డిగ్రీలు వేడెక్కింది. ప్రపంచ సగటుతో పోలిస్తే ఇది ఇంచుమించు రెట్టింపు. జర్మనీలోని దక్షిణ ష్నీఫెర్నర్ అనే హిమానీనదం కరిగి చిక్కిపోయి, ఇక దానిని హిమానీనదంగా లెక్కించలేమని 2022లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. తక్కువ ఎత్తులోని ఊళ్ళు యంత్రాలతో నీటిని చిమ్మి కృత్రిమంగా మంచు తయారు చేస్తున్నాయి. దానికి నీరు, విద్యుత్తు విశేషంగా ఖర్చవుతాయి. రైన్, రోన్, పో నదులు పుట్టేది ఈ కొండలలోనే. అల్లాహ్ మానవునికి అప్పగించిన అమానతు ఎలా కరుగుతోందో పిల్లలకు చూపించవలసిన చోటు కూడా ఇదే.

ఫ్రాన్స్‌లోని వాల్ తొరాన్స్ ఊరు 2,300 మీటర్ల ఎత్తున ఉంది. ఆస్ట్రియాలోని ఒబెర్‌గుర్గల్ 1,900 మీటర్లకు పైన ఉంది. మంచు విషయంలో ఇవి నమ్మకమైనవే. కానీ మీ ఇంట అత్తగారు ఉన్నారు. 3,000 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సుమారు 70 శాతమే ఉంటుంది. అంటే ఊపిరికి అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గుతుంది. రక్తపోటు, గుండె, ఆస్తమా సమస్యలున్న పెద్దలు వైద్యుణ్ణి అడగకుండా అంత ఎత్తుకు పోరాదు, రాత్రి ఎత్తున నిద్రించడం మరీ మంచిది కాదు. కనుక కుటుంబానికి అనువైన ఎంపిక ఏమిటంటే, బస తక్కువ ఎత్తులో ఉండాలి, అక్కడి నుంచి అవసరమైన వారు కేబుల్ కారులో ఎత్తుకు పోయే వీలుండాలి.

ఈ కొలబద్దకు మీకు దగ్గరలో చక్కగా సరిపోయేది ఆస్ట్రియా సాల్జ్‌బర్గ్ రాష్ట్రంలోని జెల్ ఆమ్ జే, దాని పక్కనున్న కాప్రూన్. జెల్ ఆమ్ జే సరస్సు ఒడ్డున సుమారు 750 మీటర్ల ఎత్తులో ఉంది. ఊరి వెనుకనున్న ష్మిట్టెన్‌హోహె కొండ 1,965 మీటర్లు. పల్లంలో మంచు లేని సంవత్సరమైతే కాప్రూన్ నుంచి కిట్జ్‌స్టైన్‌హార్న్ హిమానీనదం మీదికి వెళ్ళవచ్చు. అక్కడి పై కేబుల్ స్టేషన్ 3,029 మీటర్ల ఎత్తున ఉంది. పిల్లలు, తండ్రి పైకి వెళ్తే పెద్దావిడ సరస్సు ఒడ్డున ఎండలో నడవవచ్చు.

వాలులు: రంగుల భాష

స్కీ దారులకు రంగులు ఉంటాయి. నీలం సులువైనది, ఎరుపు మధ్యరకం, నలుపు కఠినం. ఫ్రాన్స్‌లో నీలానికన్నా సులువైన ఆకుపచ్చ కూడా ఉంది. ఆస్ట్రియాలో నీలం దారి వాలు సాధారణంగా 25 శాతం, ఎరుపు 40 శాతం మించదు. ఏదైనా ఊరిని పరిశీలించేటప్పుడు దాని పటం తీసి నీలం గీతలు ఎక్కడున్నాయో చూడండి. ముఖ్యంగా కొండపై నుంచి ఊరికి దిగే చివరి దారి ఏ రంగో గమనించండి. అది ఎరుపో నలుపో అయితే, అలసిన పిల్లలతో దిగే సాహసం వద్దు. లిఫ్టులోనే దిగిరావాలి.

నేర్చుకునేవారికి కావలసింది చదునైన చిన్న వాలు, నేల మీద కదిలే పట్టీ వంటి లిఫ్టు, పిల్లలకు ప్రత్యేకమైన స్కీ పాఠశాల. ఎనిమిదేళ్ళ బాలునికి మొదట నేర్పేది ఆగడం. స్కీల ముందు కొనలను దగ్గర చేసి వెనుక కొనలను దూరం చేసే ఆకారాన్ని అక్కడి గురువులు పిల్లలకు పిజ్జా ముక్క అని చెబుతారు. ఆగడం రాకుండా వేగం నేర్పరు. కాప్రూన్‌లోని మైస్‌కోగెల్ కొండ ఇటువంటి కుటుంబాలకు ప్రసిద్ధం. తిరోల్ రాష్ట్రంలోని జెర్‌ఫౌస్, ఫిస్, లాడిస్ అనే మూడు ఊళ్ళు పిల్లల శిక్షణకు మరింత పేరు పొందాయి. జెర్‌ఫౌస్‌లో కార్ల రద్దీ లేకుండా ఊరి కింద ఒక చిన్న భూగర్భ రైలును 1985 నుంచి నడుపుతున్నారు. అయితే ఆ ఊరు 1,400 మీటర్లకు పైన ఉంది, ఖర్చు కూడా ఎక్కువే.

సాయంత్రం నాలుగు తరువాత ఏం జరుగుతుంది?

ఎక్కువమంది అడగని ప్రశ్న ఇది. మనం తప్పక అడగవలసిన ప్రశ్నా ఇదే. లిఫ్టులు సాయంత్రం నాలుగు ప్రాంతంలో ఆగుతాయి. తరువాత చాలా ఊళ్ళలో మద్యశాలల సందడి మొదలవుతుంది. కొన్నిచోట్ల అది వాలుల అంచునే, పిల్లలు దిగివచ్చే దారిలోనే ఉంటుంది. మీ భర్త సహోద్యోగులు చెప్పిన ఇష్గల్ ఈ సందడికే ఐరోపా అంతటా ప్రసిద్ధి పొందింది. 2020 మార్చిలో అక్కడి మద్యశాలల నుంచి కరోనా అనేక దేశాలకు పాకిన సంగతి పత్రికలలో చదివే ఉంటారు. అక్కడి మంచు మంచిదే కావచ్చు, కానీ పదమూడేళ్ళ ఆడబిడ్డను, అత్తగారిని వెంటబెట్టుకుని సాయంత్రం నడిచే వీధులు అవి కావు. సాంక్ట్ ఆంటన్‌ది కూడా ఇంచుమించు అదే తీరు. సహోద్యోగులకు ఆ మాటే మర్యాదగా చెప్పవచ్చు. మన ఎంపికకు కారణం చెప్పడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

జెల్ ఆమ్ జేకు వేసవిలో గల్ఫ్ దేశాల కుటుంబాలు పెద్దసంఖ్యలో వస్తాయి. కనుక అక్కడి వ్యాపారులకు ముస్లిం అతిథుల అవసరాలు కొత్తవి కావు. హలాల్ భోజనశాలలు చలికాలంలో తెరిచి ఉంటాయో లేదో ముందుగా ఫోను చేసి తెలుసుకోండి. అతిథిగా వెళ్ళినప్పుడు ఆ దేశపు చట్టాన్ని తెలుసుకోవడం కూడా మన మర్యాదలో భాగం. ఆస్ట్రియాలో బహిరంగ ప్రదేశాలలో ముఖాన్ని కప్పుకోవడంపై 2017 అక్టోబరు నుంచి నిషేధం ఉంది. క్రీడకు, తీవ్రమైన చలికి సంబంధించి మినహాయింపులు ఉన్నాయి. నిఖాబ్ ధరించే సోదరీమణులు ఈ సంగతి ఆలోచించుకునే బయలుదేరాలి. హిజాబ్‌కు ఈ చట్టంతో ఇబ్బంది లేదు.

అదే ఆస్ట్రియా గురించి మరో సంగతి కూడా పిల్లలకు చెప్పండి. బోస్నియా ముస్లిములు తన ఏలుబడిలో ఉన్న కాలంలో, 1912లోనే ఆ దేశం ఇస్లాంను చట్టబద్ధంగా గుర్తించింది. మొదటి ప్రపంచయుద్ధంలో బోస్నియా సైనికులు ఆల్ప్స్ యుద్ధరంగంలో ఉన్నప్పుడు, నేటి స్లొవేనియాలోని లోగ్ పోద్ మాంగర్టోమ్ అనే కొండపల్లెలో వారికోసం మినారుతో ఒక మస్జిద్ వెలిసింది. అది ఇప్పుడు లేదు. కానీ ఈ కొండలు అజాన్‌ను ఎరుగనివి కావని మీ కుమార్తె తెలుసుకోవడం మంచిది.

నమాజు వేళలు: చిన్న పగటిని పంచుకోవడం

డిసెంబరు చివర జెల్ ఆమ్ జేలో సూర్యోదయం ఉదయం 8 గంటల ప్రాంతంలో, సూర్యాస్తమయం సాయంత్రం 4 గంటల 20 నిమిషాల ప్రాంతంలో ఉంటుంది. జుహ్ర్ వేళ మధ్యాహ్నం 12 గంటల 10 నిమిషాల తరువాత మొదలవుతుంది. హనఫీ లెక్క ప్రకారం అస్ర్ సుమారు 2 గంటల 40 నిమిషాలకు వస్తుంది. అంటే లిఫ్టులు నడిచే సమయంలోనే జుహ్ర్, అస్ర్ రెండూ పడతాయి, ఆ వెంటనే మగ్రిబ్. ఫిబ్రవరి చివర అయితే సూర్యాస్తమయం 5 గంటల 45 నిమిషాల ప్రాంతానికి జరుగుతుంది. వెసులుబాటు ఎక్కువ.

నా సూచన ఇది. కొండ మీద మధ్యాహ్న భోజనానికి ఆగినప్పుడే జుహ్ర్ చేసుకోండి. కుటుంబమంతా 3 గంటలకల్లా దిగివచ్చి బసలో ప్రశాంతంగా అస్ర్ చేసుకోండి. ప్రమాదాలు ఎక్కువగా జరిగేది అలసిన కాళ్ళతో చివరి దిగుడు దిగేటప్పుడేనని అనుభవజ్ఞులు చెబుతారు. కనుక నమాజుకోసం ముందుగా దిగడం దేహానికీ మేలే. బస వాలుకు దగ్గరగా ఉండాలనడానికి ఇదొక కారణం. కొండ మీది భోజనశాలలో ఒక మూల అడిగితే సాధారణంగా కాదనరు. ఖిబ్లా అక్కడి నుంచి ఆగ్నేయ దిశగా ఉంటుంది. స్కీ బూట్లు చీలమండను వంగనివ్వవు, వాటితో సజ్దా కుదరదు. విప్పి, చిన్న చాప పరచుకోండి. గట్టిపడిన మంచు మీద నుదురు స్థిరంగా ఆనితే సజ్దా చెల్లుతుందని ధర్మవేత్తలు చెప్పారు. మెత్తని మంచులో నుదురు కూరుకుపోతే ఆ షరతు నెరవేరదు.

వుజూ గురించి పిల్లలు భయపడతారు. తోలు మేజోళ్ళపై మసహ్ చేసే సౌలభ్యాన్ని షరీఅత్ ఇచ్చింది. వుజూతో తొడుక్కున్న ఖుఫ్‌లపై స్థానికుడు ఒక పగలు ఒక రాత్రి, ప్రయాణికుడు మూడు పగళ్ళు మూడు రాత్రులు మసహ్ చేయవచ్చు. పలుచని మేజోళ్ళ విషయంలో హనఫీ ధర్మవేత్తలు అంగీకరించరు. ఖస్ర్ విషయం కూడా ముందే అడిగి తెలుసుకోండి. మ్యూనిచ్ నుంచి జెల్ ఆమ్ జే ఖస్ర్ దూరానికి మించే ఉంది కనుక, కొద్దిరోజుల బసకు హనఫీ పద్ధతిలో నాలుగు రకాతుల ఫర్జ్ నమాజులు రెండు రకాతులుగా చేస్తారు. ఆ సౌలభ్యమే పిల్లలకు ధర్మం ఎంత కరుణ గలదో చెబుతుంది.

అతిశీతల దేశాలలో మన పూర్వీకులు ఏం చేశారని ఎవరైనా అడిగితే ఇబ్ను ఫద్లాన్ పేరు చెప్పండి. ఆయన క్రీ.శ. 921లో బగ్దాద్ నుంచి బయలుదేరి ఓల్గా నదీతీరం వరకు వెళ్ళారు. దారిలో స్నానశాల నుంచి బయటికి వస్తే గడ్డం గడ్డకట్టిందని రాశారు. ఉత్తరాదిన రాత్రులు మరీ చిన్నవై ఇషా, ఫజ్ర్ నమాజులు దగ్గరపడిన వైనాన్నీ నమోదు చేశారు.

మరొక ముఖ్య విషయం: రమజాన్ ఇప్పుడు చలికాలంలోకి జరుగుతోంది. 2027లో ఫిబ్రవరి రెండో వారంలో, 2028లో జనవరి చివర, 2030లో జనవరి మొదట్లో ప్రారంభమవుతుంది, నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూ. స్కీ సెలవులను బుక్ చేసేటప్పుడు ఈ క్యాలెండర్‌ను పక్కన పెట్టుకోండి. ఉపవాసంతో, దాహంతో ఎత్తైన చోట కఠిన వ్యాయామం చేయడం తగదు. విహారం కోసం ఉపవాసాన్ని వాయిదా వేయాలనుకోవడం అంతకన్నా తగదు.

భోజనం

వంటగది ఉన్న అపార్ట్‌మెంటును తీసుకోండి. హలాల్ మాంసం మ్యూనిచ్‌లోని తుర్కీ దుకాణాల నుంచి తీసుకువెళ్ళవచ్చు. కొండ మీదికి పరాటాలు, కీమా, ఫ్లాస్కులో చాయ్ చాలు. కొనుక్కోక తప్పకపోతే కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. అక్కడి ఉండల పులుసుల్లో పందిమాంసపు ముక్కలు ఉండవచ్చు. పిల్లలు ఇష్టపడే కైజర్‌ష్మారెన్ అనే తీపి అట్టులో వేసే ఎండుద్రాక్షను చాలాచోట్ల రమ్‌లో నానబెడతారు. ఎండుద్రాక్ష లేకుండా చేయమని అడిగితే చేసి ఇస్తారు. అడగడం నేర్చుకోవడం కూడా తర్బియతే.

అయితే వంటభారం ఎవరిది? సెలవంటే తల్లికీ, అత్తగారికీ వంటగది మారడం మాత్రమే కాకూడదు. భర్త, పిల్లలు వంతులు వేసుకోవాలి. దైవప్రవక్త (స) ఇంటి పనులలో పాలుపంచుకునేవారన్నది మనం ప్రసంగాలలో చెప్పుకునే మాట. సెలవుల బస దాన్ని ఆచరించి చూపడానికి అనువైన చోటు.

కుమార్తె, హిజాబ్, హెల్మెట్

మీ కుమార్తెకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పండి. ఈత, జిమ్నాస్టిక్స్ వంటి క్రీడలలో ఆమె ఎదుర్కొనే వస్త్రసమస్య ఇక్కడ దాదాపు లేదు. మంచు మీద ఆడా మగా అందరూ మెడ నుంచి మడమ వరకు వదులైన మందపాటి దుస్తులు, తలకు హెల్మెట్, చేతులకు తొడుగులు ధరిస్తారు. ఆమె తనకు భిన్నమనుకున్న దుస్తులనే అక్కడ లోకమంతా వేసుకుని తిరుగుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. వేలాడే స్కార్ఫు లిఫ్టులో చిక్కుకునే ప్రమాదం ఉంది. హెల్మెట్ కింద తలను, మెడను బిగుతుగా కప్పే పలుచని టోపీ వాడాలి. స్కీ పాఠశాలను ముందుగా కోరితే మహిళా శిక్షకురాలిని ఏర్పాటు చేయగలరు.

ప్రాణరక్షణ

ఒంటెను కట్టివేసిన తరువాతే అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) బోధ ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. సాల్జ్‌బర్గ్ సహా ఆస్ట్రియాలోని చాలా రాష్ట్రాలలో 15 ఏళ్ళలోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. చట్టం చెప్పినా చెప్పకున్నా పెద్దలూ ధరించాలి. అంతర్జాతీయ స్కీ సమాఖ్య నిర్దేశించిన పది నియమాలు ఉన్నాయి. అందులో ప్రధానమైనది, వెనుక నుంచి వచ్చేవాడే ముందున్నవాడికి హాని జరగకుండా చూడాలి. వేగం మన అదుపులో ఉండాలి. ఇరుకైన చోట, మలుపు దాటాక కనబడని చోట ఆగకూడదు. భూమిపై అహంకారంతో నడవవద్దన్న ఖుర్‌ఆన్ బోధ ఈ నియమాలకు ప్రాణం.

గుర్తు పెట్టిన దారి దాటి తాజా మంచులోకి ఎన్నడూ వెళ్ళకండి. మంచుచరియల ప్రమాదాన్ని ఐరోపాలో ఒకటి నుంచి అయిదు స్థాయిలుగా ప్రకటిస్తారు. 1999 ఫిబ్రవరి 23న తిరోల్‌లోని గాల్ట్యూర్ గ్రామం మీద విరుచుకుపడిన మంచుచరియ 31 మందిని బలిగొంది. వారు స్కీ చేస్తున్నవారు కూడా కాదు, ఊళ్ళో ఉన్నవారు. నేను సూచించిన కాప్రూన్‌లోనే 2000 నవంబరు 11న సొరంగంలో వెళ్తున్న కొండరైలులో నిప్పు అంటుకుని 155 మంది మరణించారు. ఆ రైలు మళ్ళీ నడవలేదు, ఇప్పుడు పైకి తీసుకువెళ్ళేవి కేబుల్ కార్లు. భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. కొండ ఎక్కే ముందు దుఆ చేయడం, నిర్వాహకుల సూచనలు చదవడం రెండూ అవసరమేనని చెప్పడానికే.

ఐరోపా అంతటా అత్యవసర సంఖ్య 112. ఆస్ట్రియాలో పర్వతరక్షణకు 140. హెలికాప్టరులో తరలిస్తే ఆ ఖర్చు వేల యూరోలు కావచ్చు, మామూలు ఆరోగ్యబీమా దాన్ని భరించకపోవచ్చు. అత్తగారి వీసాకోసం తీసుకున్న ప్రయాణబీమా నియమాలను కూడా చదవండి, ఆమె పాస్‌పోర్టును వెంట ఉంచుకోండి. బీమా విషయంలో మన ధర్మవేత్తల మధ్య చర్చ ఉంది, మీరు విశ్వసించే ఆలిమ్‌ను అడగండి. ఇటలీ వైపు వెళ్ళేవారికి మాత్రం ఇతరులకు కలిగే నష్టాన్ని భరించే బీమా 2022 నుంచి చట్టరీత్యా తప్పనిసరి. కారులో వెళ్తే శీతాకాలపు టైర్లు, ఆస్ట్రియా రహదారి రుసుము మరువకండి.

ధనం

జకాత్, బంధువుల హక్కులు, బాకీలు పక్కన తీశాక మిగిలినదానిలో ఎంత ఖర్చు చేయగలమో ముందు రాసుకోండి. ఊరి పేరు తరువాత రాయండి. ఎక్కువ కుటుంబాలు దీన్ని తలకిందులుగా చేస్తాయి. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం వరకు ధరలు అత్యధికం. జనవరి 6 తరువాత తగ్గుతాయి, కానీ జర్మనీలో పిల్లలను బడి మాన్పించే వీలు లేదు. కనుక బవేరియా ఫిబ్రవరి సెలవులకు, అవి రమజాన్‌లో పడని పక్షంలో, చాలా ముందుగా బస మాట్లాడుకోవాలి. స్కీలు, బూట్లు కొనకండి, అద్దెకు తీసుకోండి. పిల్లల పాదాలు ఏటా పెరుగుతాయి. దుస్తులు తోటి కుటుంబాల నుంచి అడిగి తెచ్చుకోవచ్చు.

నా సలహా

సోదరీ, మొదట ఒక శనివారం మ్యూనిచ్‌కు దగ్గరలోని బవేరియా కొండల చిన్న వాలుకు వెళ్ళిరండి. ఒక్క రోజు అద్దె, ఒక్క రోజు పాఠం. పిల్లలకు నిజంగా ఇష్టమో, స్నేహితుల ముందు చెప్పుకోవడానికి మాత్రమేనో ఆ సాయంత్రానికి తెలిసిపోతుంది. ఇష్టమైతే నాలుగు రోజులకు జెల్ ఆమ్ జేలోనో కాప్రూన్‌లోనో వంటగది ఉన్న బస తీసుకోండి. ఇష్గల్ వద్దు.

అత్తగారిని ఒప్పించే ముందు ఆమె ఆందోళనను గౌరవించండి. కాళ్ళు విరుగుతాయన్న ఆమె భయం అబద్ధం కాదు. సరస్సు ఒడ్డున మంచు తొలగించిన నడకదారి, మనవడితో స్లెడ్జి బండి, వైద్యుడు అనుమతిస్తే ఒక రోజు కేబుల్ కారులో ష్మిట్టెన్‌హోహె శిఖరం, ఇవన్నీ ఆమెకోసమేనని చెప్పండి. బసను ఎంచుకునేటప్పుడు కిటికీలోంచి కొండ కనబడే గది ఆమెకు ఇవ్వండి. తన హక్కు ముందుగా ఆలోచించారని తెలిస్తే పెద్దల మందలింపు దీవెనగా మారుతుంది.

కుమార్తెకు ఆ ఎంపికలో భాగం ఇవ్వండి. పటం ఆమె చేతికి ఇచ్చి నీలం దారులు వెదకమనండి. నమాజు వేళలు లెక్కించి రోజు ప్రణాళికను ఆమెనే రాయమనండి. మనకు ఏదీ ఉండదు అన్న మాటకు మనం ఎంత ఉపన్యసించినా సమాధానం కాదు. ఎక్కడికి వెళ్ళినా వెంట తీసుకువెళ్ళగలిగేదే మన ధర్మమని ఆమె తానుగా కనుగొనాలి.

కశ్మీరులోని గుల్‌మర్గ్‌కు వెళ్ళదలచిన మన పాఠకులకూ ఇవే కొలబద్దలు. అక్కడ హలాల్ భోజనానికి, మస్జిద్‌కు వెదకవలసిన పనిలేదు. కానీ ఆ ఊరు దాదాపు 2,650 మీటర్ల ఎత్తున ఉంది, పై వాలులలో మంచుచరియల ప్రమాదం తీవ్రం. పెద్దలతో వెళ్ళేవారు ఎత్తును గురించి, పిల్లలతో వెళ్ళేవారు వాలును గురించి ముందుగా విచారించాలి.

ఇస్తిఖారా చేయండి, ఇంటిల్లిపాదీ కూర్చుని సంప్రదించుకోండి, ఆపై బయలుదేరండి. అల్లాహ్ మీ ప్రయాణాన్ని క్షేమకరం చేసి, మీ పిల్లల హృదయాలలో విశ్వాసపు ఆనందాన్ని నింపుగాక. ఆమీన్.